ఏడాదికి 26, ఏడాదికి 10

అంతరిక్ష నౌకల కథలు చెప్పే అమెరికన్ టీవీ ధారావాహికల వరస స్టార్ ట్రెక్‌ను చూసేవాళ్లు ఇద్దరు ఒకచోట కలిస్తే, మూడో మాట దాటకముందే పాతదా కొత్తదా అన్న తగవు మొదలవుతుంది. చెన్నైలో స్థిరపడిన మా తెలుగు కుటుంబాల మధ్య ఈ తగవు ఏళ్ల తరబడి సాగుతోంది కనుక, ఎవరు ఏ వాదం ఎత్తుకుంటారో, దానికి ఎవరు ఏమని బదులిస్తారో నాకు దాదాపు కంఠతా వచ్చేసింది. మా పెదనాన్నగారు కోడంబాక్కం ఎడిటింగ్ గదుల్లో జీవితమంతా గడిపిన మనిషి. 1980లలో దూరదర్శన్ ఆదివారం ఉదయం వేసిన తొలి ధారావాహికను, అంటే కెప్టెన్ కిర్క్, స్పాక్‌ల కథలను చూసి ఆయన అభిమాని అయ్యారు. నేను 1990లలో, ఇంటికి కేబుల్ వచ్చాక, కెప్టెన్ పికార్డ్ నడిపే ‘ది నెక్స్ట్ జనరేషన్’తో మొదలుపెట్టాను. మా మేనకోడలు కాలేజీలో చేరిన కొత్తలో నెట్‌ఫ్లిక్స్‌లో ‘డిస్కవరీ’ చూసి, అక్కడి నుంచి ఒక్కొక్కటిగా వెనక్కి వచ్చింది. ఎవరికి వారికి తాము మొదట చూసినదే అసలైన స్టార్ ట్రెక్.

ఈ తగవులో ఇరుపక్షాలూ ఎత్తిచూపే కారణాలు అసలు కారణాలు కావని నా అభిప్రాయం. కొత్తవాటిలో చీకటి ఎక్కువని, రాజకీయం ఎక్కువని, పాత్రలు అయినదానికీ కానిదానికీ కన్నీళ్లు పెట్టుకుంటాయని పాతవాళ్లు అంటారు. పాతవి అట్టసెట్ల మధ్య నత్తనడక నడుస్తాయని కొత్తవాళ్లు అంటారు. అసలు తేడా అంతకన్నా చాలా మామూలుదని, నిర్మాత లెక్కల పుస్తకంలోనే అది కనిపిస్తుందని నేను అనుకుంటున్నాను. ‘ది నెక్స్ట్ జనరేషన్’ 1987 సెప్టెంబరులో మొదలై 1994 మేలో ముగిసింది. ‘డిస్కవరీ’ 2017 సెప్టెంబరులో మొదలై 2024 మేలో ముగిసింది. క్యాలెండరు ప్రకారం రెండింటి ఆయుష్షూ ఒకటే. మొదటిదానిలో 178 ఎపిసోడ్లు వచ్చాయి, రెండోదానిలో 65. ఒకప్పుడు ఏడాదికి 26 చొప్పున తీసేవారు, ఇప్పుడు 10 చొప్పున తీస్తున్నారు. మనం విలువల మార్పుగా, అభిరుచి మార్పుగా, తరాల మార్పుగా చెప్పుకుంటున్న వాటిలో సగానికి పైగా ఈ ఒక్క సంఖ్య నుంచి పుట్టుకొచ్చినవే.

రాజకీయం గురించిన ఫిర్యాదును ముందు పక్కన పెట్టవచ్చు, ఎందుకంటే దానికి ఆయువు తక్కువ. 1966లో, అమెరికాలో పౌరహక్కుల పోరాటం ఇంకా సాగుతుండగానే, నౌక వంతెన మీద, అంటే నౌకను నడిపే గదిలో, ఉహురా అనే నల్లజాతి మహిళను అధికారిగా కూర్చోబెట్టిన ధారావాహిక ఇది. ఆసియా మూలాలున్న సులును ఆమె పక్కన నిలబెట్టింది. ప్రచ్ఛన్నయుద్ధం నడుస్తుండగా మరుసటి ఏడాది చెకోవ్ అనే రష్యన్ యువకుణ్ణి తెచ్చింది. 1969 జనవరిలో వచ్చిన ఒక కథలో ముఖం ఒక సగం నల్లగా, మరో సగం తెల్లగా ఉన్న ఇద్దరు మనుషులు, ఎవరికి ఏ వైపు నలుపు అన్నదాని మీద ద్వేషం పెంచుకొని, తమ జాతి మొత్తం అంతరించిపోయాక కూడా ఒకరినొకరు తరుముకుంటూనే ఉంటారు. ఇంతకన్నా బాహాటంగా రాజకీయం మాట్లాడిన ఎపిసోడ్ కొత్తవాటిలో నాకు కనబడలేదు. పెదనాన్నగారితో ఈ మాట అంటే, ‘అది కథలో ఒదిగింది గదరా’ అంటారు. అది ఒదగలేదు, చిన్నప్పుడు చూసినవన్నీ మనకు ఒదిగినట్టే అనిపిస్తాయి.

చీకటి గురించిన ఫిర్యాదు ఇంకాస్త బలమైనది, అయినా అది కూడా నిలవదు. 1993 నుంచి 1999 వరకు వచ్చిన ‘డీప్ స్పేస్ నైన్’ను ఈరోజు పాతకాలపు అభిమానులు నెత్తిన పెట్టుకుంటున్నారు గానీ, వచ్చిన కొత్తలో దాన్ని ఎంతమంది తిట్టారో మరిచిపోయారు. నౌక ఎక్కడికీ వెళ్లదని, ఒకే అంతరిక్ష కేంద్రంలో కూర్చొని కొట్లాడుకుంటారని, సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ ఊహించిన శాంతియుత భవిష్యత్తుకు ఇది ద్రోహమని అన్నారు. 1998 ఏప్రిల్‌లో వచ్చిన ‘ఇన్ ద పేల్ మూన్‌లైట్’లో కెప్టెన్ సిస్కో యుద్ధంలో ఓటమి తప్పించుకోవడానికి దొంగసాక్ష్యం సృష్టిస్తాడు. ఆ దారి చివరికి రోములన్లు అనే వేరే గ్రహజాతి సెనేటర్ ఒకరి హత్యకు చేరుతుంది. తటస్థంగా ఉన్న రోములన్లు యుద్ధంలోకి దిగుతారు. జరిగినదంతా తన డైరీకి చెప్పుకొని, దీనితో బతకగలనని తనకు తానే నచ్చజెప్పుకొని, చివరికి ఆ రికార్డును చెరిపేస్తాడు. మంచిపనికోసం చేసిన చెడ్డపనిని ఇంత నిర్దాక్షిణ్యంగా చూపిన గంట కొత్త ధారావాహికల్లో లేదని నేను కచ్చితంగా అంటాను. చీకటి 2017లో రాలేదు. 2017లో వచ్చినదల్లా లైట్లు తగ్గించిన సెట్లు, ఒకచోట నిలవని కెమెరా.

పోతే, రాడెన్‌బెరీ గురించి ఒక మాట చెప్పాలి. ‘ది నెక్స్ట్ జనరేషన్’ మొదటి ఏళ్లలో ఆయన రచయితలకు పెట్టిన షరతు ప్రసిద్ధమైనది: 24వ శతాబ్దపు మానవులు పరిణతి చెందినవాళ్లు కనుక నౌక సిబ్బంది మధ్య స్పర్ధలు ఉండకూడదు. స్పర్ధ లేకుండా నాటకం రాయడం ఎలాగని రచయితలు జుట్టు పీక్కున్నారు. మూడో సీజన్‌లో వచ్చిన మైకేల్ పిల్లర్ ఆ షరతును ధిక్కరించకుండానే దాని లోపల పనిచేసే పద్ధతి కనిపెట్టాడు. బయటి నుంచి వచ్చిన సమస్య ఎవరో ఒక సిబ్బంది మనసులోని సమస్యను తాకాలి, ఆ వారం కథ అతనిదే కావాలి. వారానికొకరి కథ చెప్పాలంటే చాలా వారాలు కావాలి, అవి ఆయనకు ఉన్నాయి.

ఆ వారాలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకుంటే ఈ వ్యవహారం స్పష్టపడుతుంది. తొలి ధారావాహికను ఎన్‌బీసీ అనే అమెరికన్ టీవీ నెట్‌వర్క్ మూడు సీజన్ల తర్వాత 1969లో ఆపేసింది. అప్పటికి తయారైన 79 ఎపిసోడ్లను ఊరూరి స్థానిక టీవీ కేంద్రాలు కొనుక్కొని, సాయంత్రాలు రోజుకొకటి చొప్పున తిప్పి తిప్పి వేసుకున్నాయి. ఆగిపోయిన ధారావాహికకు ఆదరణ పెరిగింది అప్పుడే. 1972 జనవరిలో న్యూయార్క్‌లో జరిగిన అభిమానుల సభకు నిర్వాహకులు ఊహించినదానికన్నా ఎన్నో రెట్లు జనం వచ్చారు. ఆ అనుభవం వల్లనే 1987లో ‘ది నెక్స్ట్ జనరేషన్’ను ఏ పెద్ద నెట్‌వర్క్‌కూ ఇవ్వకుండా, నేరుగా స్థానిక కేంద్రాలకే అమ్మారు. ఆ కేంద్రాలకు కావలసినది ఏ రోజు ఏ ఎపిసోడ్ వేసినా అర్థమయ్యే కథ. నిన్నటిది చూడనివాడు కూడా ఈరోజు కూర్చోగలగాలి. అందుకే ప్రతి గంటా తనంతట తాను పూర్తి కావాలి, ఏడాదికి 26 గంటల సరుకు కావాలి. ఈనాటి స్ట్రీమింగ్ సంస్థకు కావలసినది దానికి సరిగ్గా వ్యతిరేకం. నెలనెలా చందా కట్టేవాడు తర్వాతి ఎపిసోడ్ కోసం ఆగాలి, కనుక సీజన్ మొత్తాన్ని ఒకే చిక్కుముడిగా కట్టాలి.

ఏడాదికి 26 కథలు రాయవలసి వచ్చినప్పుడు, విశ్వాన్ని కాపాడే కథలు పది పన్నెండు వారాల్లో అయిపోతాయి. డబ్బూ అయిపోతుంది. అప్పుడు రచయితలు చిన్న కథలకు దిగుతారు. నేను ఈ ధారావాహికను ప్రేమించినది ఆ చిన్న కథల వల్లనే. 1991 జనవరిలో వచ్చిన ‘డేటాస్ డే’లో డేటా అనే యంత్రమానవుడి ఒక రోజు దినచర్య ఉంటుంది. నౌకలో ఒక పెళ్లి జరగబోతోంది, పెళ్లికూతురు చివరిక్షణంలో వద్దంటుంది, డేటా డాక్టర్ క్రషర్ దగ్గర నాట్యం నేర్చుకుంటాడు. ఒక పక్కన రోములన్ల గూఢచర్యం కూడా నడుస్తుంది గానీ, చూసినవాళ్లకు గుర్తుండేది ఆ నాట్యమే. ఆ పెళ్లికొడుకు మైల్స్ ఓబ్రయన్. 1987లో మొదటి ఎపిసోడ్‌లో అతను పేరు లేని అధికారి. రెండో సీజన్‌లో గానీ పేరు రాలేదు. మనుషులను ఒకచోటి నుంచి మరోచోటికి పంపే యంత్రం దగ్గర నిలబడి, వారానికి రెండు ముక్కలు మాట్లాడుతూ, నెమ్మదిగా ఒక స్నేహితుణ్ణి, ఒక భార్యను, ఒక పాత యుద్ధపు గాయాన్ని సంపాదించుకొని, తర్వాత ‘డీప్ స్పేస్ నైన్’లో ముఖ్యపాత్రల్లో ఒకడై 1999 వరకు నిలిచాడు. ఆ పాత్రను ఎవరూ ఒకరోజు కూర్చొని పథకం వేసి తయారుచేయలేదు. వంద గంటలు నిలబడే చోటు దొరికింది కనుక అతను తయారయ్యాడు.

ఇప్పుడు ‘డిస్కవరీ’ వంతెన మీద కూర్చునే డెట్మర్, ఓవోసెకున్‌ల సంగతి చూడండి. చూడగానే ఆకట్టుకొనే ముఖాలు, మంచి నటులు. 65 ఎపిసోడ్లూ చూసిన మా మేనకోడలిని వాళ్ల గురించి చెప్పమంటే రెండు వాక్యాల దగ్గర ఆగిపోయింది. ‘వాళ్లకు టైమ్ ఎక్కడుంది మావయ్యా, ప్రతి సీజన్‌లోనూ విశ్వం పేలిపోతుంటే’ అంది. ఆమె మాట అక్షరాలా నిజం. మొదటి సీజన్‌లో క్లింగాన్ అనే జాతితో యుద్ధం, రెండోదానిలో ఆలోచించగల ప్రాణులన్నింటినీ తుడిచిపెట్టబోయే కృత్రిమ మేధ, మూడోదానిలో గెలాక్సీలోని నౌకలను ఒక్కసారిగా పేల్చేసిన ఉత్పాతం, నాలుగోదానిలో గ్రహాలను మింగే విపత్తు. సీజన్ అంతా ఒకే ప్రమాదం చుట్టూ తిరగాలంటే ఆ ప్రమాదం అంత పెద్దది కాక తప్పదు. ప్రమాదం అంత పెద్దదైనప్పుడు, ఒక అధికారి తన తల్లికి ఉత్తరం రాసే దృశ్యానికి చోటు ఉండదు. ఎవరైనా మనసు విప్పి మాట్లాడవలసి వస్తే, పేలుళ్ల మధ్య, ఉన్న కొద్ది నిమిషాల్లో, కన్నీళ్లతో మాట్లాడవలసి వస్తుంది. పాతవాళ్లు ఎగతాళి చేసే ఆ కన్నీళ్లు నటుల అతి కాదు, రచయితల భావుకత్వమూ కాదు. చోటు చాలక అలా పొంగుతున్నాయి.

దీనికి నేను ఎప్పుడూ చూపించే ఉదాహరణ పికార్డ్‌దే. 1990 జూన్‌లో మూడో సీజన్ ముగింపుగా వచ్చిన కథలో బోర్గ్ అనే యాంత్రిక జాతి అతణ్ణి పట్టుకొని తమలో ఒకడిగా మార్చేస్తుంది. అతని జ్ఞానాన్ని వాడుకొని అతని సొంత అంతరిక్ష దళానికి చెందిన 39 నౌకలను నాశనం చేస్తుంది. సెప్టెంబరులో రెండో భాగంలో అతణ్ణి కాపాడతారు. మామూలుగా అయితే మరుసటి వారం కొత్త గ్రహం, కొత్త సమస్య రావాలి. రచయితలు మాత్రం ‘ఫ్యామిలీ’ అనే గంట రాశారు. అందులో పికార్డ్ ఫ్రాన్స్‌లోని తన సొంత ఊరికి వెళతాడు. ద్రాక్షతోట చూసుకొనే అన్నగారితో అతనికి ఎన్నాళ్లుగానో పడదు. ఇద్దరూ తోటలో కొట్టుకొని బురదలో పొర్లుతారు. ఆ బురదలో కూర్చొనే పికార్డ్ వెక్కివెక్కి ఏడుస్తూ, తాను వాళ్లను ఆపలేకపోయానని చెబుతాడు. ఆ గంటలో శత్రువు లేడు, తుపాకీ పేలలేదు, నౌక వంతెన ఒక్కసారి కూడా కనబడదు. మూడు సీజన్లపాటు నిబ్బరంగా నిలబడిన మనిషి అలా కుప్పకూలడం చూసినప్పుడు నాకు కలిగిన దిగ్భ్రమ ఇప్పటికీ గుర్తుంది. అంతకుముందు 70కి పైగా గంటలు అతను తన సొంత బాధకు అలా ఏడవలేదు కనుకనే ఆ ఏడుపుకు అంత బరువు వచ్చింది.

2020లో ప్రైమ్ వీడియోలో వచ్చిన ‘పికార్డ్’ అదే గాయాన్ని, అదే ద్రాక్షతోటను, అదే మనిషిని తీసుకుంది. పాట్రిక్ స్టీవర్ట్ నటనలో లోటు లేదు. వయసు మీదపడిన మనిషి పశ్చాత్తాపాన్ని ఆయన కళ్లతోనే పలికించాడు. అయినా పదేసి ఎపిసోడ్ల చొప్పున మూడు సీజన్లు, ప్రతిదానిలోనూ అతని ఏదో ఒక పాతగాయాన్ని తవ్వుతూ పోతే, ఒక్క గంటలో ‘ఫ్యామిలీ’ చేసిన పని జరగలేదు. గాయమే కథ అయినప్పుడు గాయపడని మనిషి ఎలా ఉంటాడో మనకు చూపే వీలు ఉండదు.

2023లో వచ్చిన మూడో సీజన్ గురించి నేను చెప్పబోయేది మా బృందంలో ఎవరికీ నచ్చదు. పాత నౌక సిబ్బందినంతా మళ్లీ ఒకచోట చేర్చి, వాళ్ల నౌక ఎంటర్‌ప్రైజ్-డి వంతెనను యథాతథంగా మళ్లీ కట్టి చూపించిన ఆ సీజన్‌ను పాత అభిమానులు పండుగలా జరుపుకొన్నారు. పాత కార్పెట్టు రంగు చూసి నాకూ గొంతు పూడుకుపోయింది. కానీ కొత్త కాలంలో వచ్చిన వాటన్నింటిలోనూ అతి పిరికిది అదే. అందులో మనకు నచ్చినదంతా 1994కి ముందే సంపాదించిన ఆస్తి. అది దానికి కొత్తగా కలిపినది బహు తక్కువ. అభిమానులు అడిగిందల్లా ఇస్తే వచ్చేది ఇలాంటిదే.

పాతకాలం ఏడాదికి 26 ఇచ్చినందుకు చెల్లించిన మూల్యం కూడా చిన్నది కాదు, దాన్ని దాచిపెట్టి వాదించడం న్యాయం కాదు. మద్రాసులో తెలుగు సినిమా వెలిగిన రోజుల గురించి పెదనాన్నగారి తరం మాట్లాడేటప్పుడు నిలిచిపోయిన పదీ ఇరవై చిత్రాలే లెక్కలోకి వస్తాయి, మూడో రోజే డబ్బాల్లోకి వెళ్లినవి రావు. స్టార్ ట్రెక్ పాత సీజన్ల జ్ఞాపకం కూడా అటువంటిదే. 1987లో మొదటి సీజన్‌లో వచ్చిన ‘కోడ్ ఆఫ్ ఆనర్’లో ఒక గ్రహవాసులందరినీ నల్లజాతి నటులతో వేయించి, వాళ్లను ఆడవాళ్లను ఎత్తుకుపోయే ఆటవిక తెగగా చూపించారు. అందులో నటించినవాళ్లే తర్వాత దాన్ని తలచుకొని సిగ్గుపడ్డారు. రెండో సీజన్ చివరికి డబ్బు నిండుకోవడంతో, పాత దృశ్యాల ముక్కలనే అతికించి ‘షేడ్స్ ఆఫ్ గ్రే’ అని వేశారు. 1996లో ‘వోయేజర్’ అనే ధారావాహికలో అత్యధిక వేగంతో ప్రయాణించిన కెప్టెన్, ఆమె పైలట్ కలిసి బల్లుల్లాంటి జీవులుగా మారి, పిల్లల్ని కని, ఆ పిల్లల్ని ఒక చిత్తడినేలలో వదిలేసి, మళ్లీ మనుషులై వచ్చి పనిలో కూర్చుంటారు. మరుసటి వారం ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

ఎవరూ ఎత్తకపోవడం అనేది ఆ పద్ధతిలోని అసలు లోపం. ఏ రోజు ఏ ఎపిసోడ్ వేసినా అర్థం కావాలన్న షరతు వల్ల, ఎపిసోడ్ చివరికి అంతా మొదటికి రావాలి. ‘వోయేజర్’ నౌక భూమికి 75 ఏళ్ల ప్రయాణమంత దూరంలో, సాయం అందని చోట చిక్కుకుంటుంది. అలాంటి నౌక ప్రతి వారం దెబ్బలు తిని, మరుసటి వారం కొత్తగా రంగు వేసినట్టు మెరుస్తూ కనబడుతుంది. 1997లో ‘ఇయర్ ఆఫ్ హెల్’ అని రెండు భాగాల కథ వేసి, నౌకను ముక్కలు ముక్కలు చేసి, సిబ్బంది అలసటను నిజంగా చూపించి, చివర్లో కాలాన్ని వెనక్కి తిప్పి అంతా జరగనట్టు చేసేశారు. మా మేనకోడలికి ఇది ఎంతమాత్రం నచ్చదు. ‘అంతసేపు చూసినదానికి విలువేముంది’ అని ఆమె అడిగితే నా దగ్గర జవాబు లేదు. కొత్తవాటిలో జరిగినది జరిగినట్టే ఉంటుంది. ‘డిస్కవరీ’ నాయిక బర్నమ్ మొదటి ఎపిసోడ్‌లలో చేసిన తిరుగుబాటు బరువును సీజన్ల తరబడి మోసింది.

రెండు కాలాలూ ఒకే పనికి పూనుకొన్న చోట్లను పక్కపక్కన పెట్టి చూడటం నాకు ఇష్టం. 1989 ఫిబ్రవరిలో వచ్చిన ‘ది మెజర్ ఆఫ్ ఎ మ్యాన్’లో డేటాను విప్పి పరిశోధించాలని ఒక శాస్త్రవేత్త వస్తాడు. డేటా నిరాకరిస్తే, అతను దళం సొత్తు కనుక నిరాకరించే హక్కు లేదంటారు. విచారణలో పికార్డ్ అతని తరఫున, అతని స్నేహితుడైన రైకర్ తనకు ఇష్టం లేకున్నా ఎదుటి పక్షాన వాదించాలి. రచయిత్రి మెలిండా స్నాడ్‌గ్రాస్ అంతకుముందు న్యాయవాదిగా పనిచేసినవారు. కథ అంతా నాలుగు గదుల్లో జరుగుతుంది. పెదనాన్నగారికి ఇందులో ఒక క్షణం ప్రాణం. రైకర్ డేటా నిర్మాణపు చిత్రాలను తెర మీద చూస్తూ, వాదనకు పనికొచ్చేదేదో దొరికిందని చిన్నగా నవ్వుతాడు. మరుక్షణం ఆ నవ్వు వాడిపోతుంది, ఎందుకంటే దొరికినది స్నేహితుణ్ణి ఆపేసే స్విచ్. ఒక్క మాట లేదు. ‘ఆ నవ్వు మీదనే కట్ చేసి ఉంటే సీను చచ్చిపోయేది, ఇంకొంచెం ఉంచాడు చూడు, అదిరా ఎడిటింగ్ అంటే’ అని ఆయన ఇప్పటికీ చెబుతారు.

2023లో ‘స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్’ అనే కొత్త ధారావాహిక రెండో సీజన్‌లో వచ్చిన ‘ఆడ్ ఆస్ట్రా పర్ ఆస్పెరా’ కూడా విచారణ కథే. జన్యుమార్పిడి చేసుకొనే ఇలీరియన్ జాతిలో పుట్టిన సంగతి దాచి దళంలో చేరిందని, నౌకలో రెండో స్థానంలో ఉన్న ఊనాను బోనులో నిలబెడతారు. ఎన్నేళ్ల కిందటో తెగిపోయిన స్నేహం గల నీరా ఆమె తరఫున వాదిస్తుంది. నీరా జన్యుమార్పిడి నిషేధచట్టాన్ని ఓడించదు. ఊనా ఆశ్రయం కోరి వచ్చినదని, ఆశ్రయం ఇచ్చే అధికారం కెప్టెన్‌కు ఉందని చూపి గెలుస్తుంది. చట్టం చట్టంగానే ఉండిపోతుంది, ఒక్క మనిషి బయటపడుతుంది. నా తీర్పు అడిగితే, ముగింపులోని ఆ చేదు పాతదానికి లేని పరిణతి. కానీ ఊనాతో మనకు అప్పటికి ఉన్న పరిచయం పదీ పదకొండు గంటలే. ఆమె నిలబడి తన చిన్నతనం చెప్పుకొన్నప్పుడు మనం కొత్త మనిషి గురించి వింటున్నాం. డేటా చేయిని రైకర్ ఊడదీసి బల్ల మీద పెట్టినప్పుడు, అంతకుముందు ఏడాదిన్నరగా మన ఇంటికి వచ్చిపోతున్న మనిషికి అది జరుగుతున్నట్టు ఉంటుంది.

ఇదే ధారావాహిక మొదటి సీజన్ చివర, 2022లో, ఇంకా సాహసమైన పని చేసింది. 1966 డిసెంబరులో వచ్చిన ‘బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్’ జలాంతర్గాముల యుద్ధం లాంటి కథ. కంటికి కనబడని రోములన్ నౌకను కిర్క్ వెంటాడుతాడు. ఇద్దరు కెప్టెన్లూ ఒకరినొకరు గౌరవించుకొంటూనే చంపుకోవలసి వస్తుంది. 2022 నాటి ‘ఎ క్వాలిటీ ఆఫ్ మెర్సీ’లో, కొత్త ధారావాహిక నాయకుడు కెప్టెన్ పైక్ భవిష్యత్తులోకి వెళ్లి, కిర్క్ స్థానంలో తానే ఆ సంఘటనను ఎదుర్కొంటాడు. అదే పెళ్లి మంటపం, అదే శత్రువు, అవే నిర్ణయాలు. పైక్ సంధికి ప్రయత్నిస్తాడు, ఆ మంచితనమే యుద్ధానికి దారి తీస్తుంది, స్పాక్ ఘోరంగా గాయపడతాడు. కిర్క్‌కు కిర్క్ పద్ధతి ఎందుకు సరిపోయిందో పైక్ ఓటమి ద్వారా చెప్పిన ఈ గంట, పాత కొత్తల తగవు మీద వచ్చిన విమర్శల్లోకెల్లా మంచిదని నాకు తోస్తుంది. పైగా ఈ పైక్ ఎవరో కాదు. 1966కి ముందు తీసి ఎన్‌బీసీ తిప్పికొట్టిన మొట్టమొదటి నమూనా ఎపిసోడ్‌లోని కెప్టెన్. అందరికన్నా పాతవాడు కొత్తకాలపు ధారావాహికను నడుపుతున్నాడు.

మనవాళ్ల సంగతి రాకుండా చెన్నైలో ఈ చర్చ ముగియదు. 1967లో వచ్చిన ఖాన్ నూనియన్ సింగ్ ఉత్తర భారతీయుడని, బహుశా సిక్కు అని కథలోనే చెబుతారు. వేసినది మెక్సికోలో పుట్టిన రికార్డో మాంటల్‌బాన్. 2013 సినిమాలో అదే పాత్రను బెనెడిక్ట్ కంబర్‌బాచ్‌తో వేయించారు. పాతకాలానికి తెలియనితనం అని సరిపెట్టుకోవచ్చు, 2013కి ఆ సాకు లేదు. మరోవైపు 1979 సినిమాలో బొంబాయి నటి పర్సిస్ ఖంబాటా గుండు చేయించుకొని ఇలియాగా నటించింది. 1986లో వచ్చిన నాలుగో సినిమాలో మన మద్రాసు టెన్నిస్ ఆటగాడు విజయ్ అమృత్‌రాజ్ ఏకంగా ఒక నౌక కెప్టెన్‌గా కనబడి, శక్తి కోల్పోయిన నౌకకు సౌరతెరచాప కట్టే ప్రయత్నంలో ఉన్నామని చెబుతాడు. తెర మీద ఉండేది కొద్దిసేపే. పెదనాన్నగారు ఆ ముక్క రాగానే ఇంట్లోవాళ్లందరినీ పిలుస్తారు. పాతకాలమే గొప్పదన్న ఆయన వాదానికి ఇంతకన్నా బలమైన ఆధారం లేదని నేను వేళాకోళమాడుతుంటాను.

కొత్తకాలంలో తీరిక పూర్తిగా పోయిందనడం కూడా సరికాదు, అది కార్టూన్‌లో దాక్కుంది. 2020 నుంచి 2024 వరకు 50 ఎపిసోడ్లు వచ్చిన ‘లోయర్ డెక్స్’ అనే యానిమేషన్ ధారావాహికలో, పెద్ద నౌకలు వెళ్లి ఘనకార్యాలు చేసి వచ్చాక మిగిలిన కాగితప్పని చూసే ఒక అప్రధాన నౌకలోని చిన్న ఉద్యోగులే నాయకులు. పడకల వరసలో నిద్రపోతూ, పైఅధికారులను తిట్టుకుంటూ, పదోన్నతి కోసం ఎదురుచూస్తూ గడిపే ఆ నలుగురు నాకు ‘డిస్కవరీ’ వంతెన మీది వాళ్లందరికన్నా బాగా తెలుసు. ఒక్కో ఎపిసోడ్ అరగంట కూడా ఉండదు. అయినా 50 సార్లు వచ్చి కూర్చున్నారు, విశ్వాన్ని కాపాడే పని చాలాసార్లు వాళ్లకు తగలలేదు. మొదటి ఎపిసోడ్ చూసి ‘బొమ్మలాట’ అని పక్కకు తిరిగిన పెదనాన్నగారిని దానివైపు మళ్లించడం మాత్రం ఇప్పటికీ మా వల్ల కాలేదు.

‘స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్’ వారానికొక కథ చెప్పే పాత పద్ధతికి తిరిగి వచ్చిందని అందరూ మెచ్చుకొన్నారు, నేనూ మెచ్చుకొన్నాను. కోర్టు కథ ఒక వారం, హాస్యం ఒక వారం, 2023 ఆగస్టులో ఏకంగా పాటలతో నిండిన ఒక వారం. అయితే పది ఎపిసోడ్లలో ఇన్ని రకాలు చూపించాలంటే ప్రతి వారమూ పండుగే కావాలి, మామూలు రోజు అనేదే లేకుండా పోతుంది. రెండో సీజన్ 2023 ఆగస్టులో ముగిస్తే మూడోది 2025 జూలైలో గానీ రాలేదు. రచయితలూ నటులూ చేసిన సమ్మెలు కొంత కారణం, నిర్మాణంలోని భారీతనం కొంత కారణం. కారణం ఏదైనా, దాదాపు రెండేళ్ల విరామం తర్వాత మళ్లీ పరిచయం చేసుకొనేసరికి పదివారాలు అయిపోతాయి. 2025 జూన్‌లో వచ్చిన ప్రకటన ప్రకారం ఐదో సీజనే చివరిది, అందులో ఆరు ఎపిసోడ్లే ఉంటాయి. మొత్తం ఐదు సీజన్లకు 46. రద్దయిపోయిందని మనం జాలిపడే తొలి ధారావాహికకు మూడేళ్లలో 79 దక్కాయి.

ఆ ఆరింటిలో ఒక్కటైనా, ఏ ఆపదా రాకుండా, నౌకలో ఎవరో ఒకరు వంట చేసుకొంటూనో, ఉత్తరం రాసుకొంటూనో గడిపే గంట ఉంటుందా అని మా ఇంట్లో పందెం నడుస్తోంది. పైక్‌కు వంట అంటే ఇష్టం కనుక ఉంటుందని మా మేనకోడలు పందెం కాసింది. ‘ఆరు రీళ్లలో ఖాళీ రీలు ఎవడమ్మా పెడతాడు’ అంటారు పెదనాన్నగారు. నేను ఆయన పక్షానే పందెం కాశాను.